లోతు అడిగే మనిషి

మొన్న విజయవాడ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒక బస్సు వెనక్కి వస్తూ కీ, కీ, కీ అని అరవడం మొదలుపెట్టింది. నాకు తెలియకుండానే నా కుడి చెయ్యి పైకి లేచింది. బస్సు వెనకాల నిలబడి డ్రైవరుకు దారి చెబుతున్న కండక్టరు నన్ను చూసి విసుక్కున్నాడు.

"ఏంటమ్మా, చెయ్యి దించు. ఆపమంటున్నావనుకుంటాడు. ఇది నూజివీడు బస్సు, ఎక్కుతావా?"

"కాదు బాబూ, నాది బందరు."

"మరెందుకా చెయ్యి?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అయినా బస్సు ఆగేదాకా నేను చెయ్యి దించలేకపోయాను. ఆ తర్వాత బందరు బస్సు ఎక్కి కూర్చున్నాను గానీ, కంకిపాడు దాటినా, ఉయ్యూరు దాటినా మా బావగారే కళ్ళ ముందు తిరుగుతున్నారు. తిరగడమే ఆయన పని. బతికుండగా ఆయన ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు.

బావగారంటే మా ఆయనకు అన్న. మా బోటుకు సరంగు. స్టీరింగు పట్టి బోటును సముద్రంలోకి తీసుకుపోయి, మళ్ళీ ఒడ్డుకు తీసుకొచ్చే మనిషిని మా వైపు సరంగు అంటారు. మనిషి తాడిచెట్టంత పొడుగు. అన్నం నిలబడి తినేవారు. కంచం ఎడమచేతిలో పెట్టుకుని, వాకిట్లో ఈ చివరినుంచి ఆ చివరకు నడుస్తూ ముద్దలు మింగేవారు. మా అక్క, అంటే ఆయన భార్య, పప్పుగిన్నె పట్టుకుని వెంట తిరిగేది. "పెళ్ళిపీటల మీద కూడా ఇంతే. తాళి కట్టి లేచి, గాలి ఎటు తిరిగిందో చూడటానికి పందిట్లోంచి బయటికి పోయాడు" అని చెప్పేది. ఎప్పుడన్నా కూర్చున్నా కుడికాలు నేలను తడుతూనే ఉండేది. నేల కింద ఏముందో తట్టి చూస్తున్నట్టుండేది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. కనపడిన ప్రతి నీళ్ళకూ లోతు అడిగేవారు. బస్సు పామర్రు దగ్గర కాలవ వంతెన ఎక్కిందంటే పక్క సీటులో ఎవరుంటే వాళ్ళని అడగాల్సిందే.

"దీని లోతు ఎంత ఉంటదండీ?"

"ఎందుకండీ, దూకుతారా ఏంటి?"

"దూకనండి. తెలిస్తే ఒక మాట చెప్పండి."

మా ఆడపడుచు కూతురికి సంబంధం చూడటానికి పోయినప్పుడు పెళ్ళికొడుకు గురించి ఒక్క ముక్క అడగలేదు. వాళ్ళ పెరట్లో బావి లోతు అడిగి వచ్చారు. వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మేము మాత్రం ఆ అలవాటును చూసి నవ్వేవాళ్ళం కాదు. మా ఊరి బోట్లు సముద్రంలోకి పోవాలంటే కాలవ సముద్రంలో కలిసే చోటు దాటాలి. దాన్ని మేము మొగ అంటాం. అక్కడ ఇసక ఒకచోట ఉండదు. వరద వచ్చినా, తుఫాను వచ్చినా మేట వేసే చోటు మారిపోతుంది. నిన్న బోటు పోయిన దారిలో ఇవాళ మోకాలిలోతు నీళ్ళుంటాయి. ఇసక తగిలి బోటు ఆగిందంటే వెనకనుంచి వచ్చే అల దాన్ని తిరగేస్తుంది. మా మామగారు పోయింది నడిసముద్రంలో కాదు, ఆ మొగలోనే. ఒడ్డున నిలబడ్డ వాళ్ళకు మనిషి ఆనవాలు తెలిసేంత దగ్గరలో. అప్పుడు ఒడ్డున నిలబడ్డ వాళ్ళలో మా బావగారు ఒకరు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. తుఫాను షెల్టరులో సాయంత్రంపూట ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. ఇంగ్లీషు అంకెలూ పెద్ద అక్షరాలూ ఆ తర్వాత కూడబలుక్కున్నాను. ఊళ్ళో మగవాళ్ళు నవ్వారు. బావగారు కూడా నవ్వారు. కానీ మర్నాడే ఇంజనాయిలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "దీని మీద ఏం రాశాడో చదువు పంతులమ్మా" అన్నారు. అప్పటినుంచి ఇంట్లోకి వచ్చే ప్రతి డబ్బా, ప్రతి అట్టపెట్టె నా ముందుకు వచ్చేది. పిలుపు కూడా పంతులమ్మా అనే స్థిరపడింది.

రెండువేల సంవత్సరం దాటాక హార్బరులో బోట్లకు ఒక్కొక్కటిగా మిషన్లు రావడం మొదలైంది. సముద్రంలో మనం ఎక్కడున్నామో చెప్పేది జీపీఎస్. బోటు కింద ఎంత లోతుందో, ఎక్కడ చేపలున్నాయో చూపించేది ఇంకోటి. ఆ రెండూ ఒకే పెట్టెలో కలిపినవి కూడా వచ్చాయని తెలిసిన దగ్గర్నుంచి బావగారికి కాలు నిలవలేదు. ఎవరి బోటులో మిషను పెట్టినా వెళ్ళి వాళ్ళ ప్రాణం తీసేవారు. ఆ ఏడాది మా బోటు మొగలో రెండుసార్లు ఇసకకు రాసుకుంది. "ఇసక జరిగింది" అన్నారాయన. అందరూ నమ్మారు. ఇసక జరుగుతూనే ఉంటుంది కదా.

వేసవిలో వేట నిషేధం వచ్చి బోటును ఒడ్డుకు లాగారు. చెక్కల సందుల్లో పీచు కూరి, తారు పూసే పని మొదలైంది. మా ఆయన ఇంజను విప్పి కూర్చున్నాడు.

"విజయవాడ పోదాం రా అమ్మాయ్. నువ్వు చదివి చెప్పాలి" అన్నారు బావగారు.

"ఆయనతో బస్సెక్కుతావా?" అంది అక్క. "నీకు ఊరొచ్చేలోపు పిచ్చెక్కుద్ది."

నిజంగానే దారి పొడుగునా నాలుగు సీట్లు మారారు.

గవర్నరుపేటలో వైర్‌లెస్ సెట్లు అమ్మే షాపు అది. బోటు మిషన్లు కూడా తెప్పిస్తారని ఎవరో చెప్పారు. షాపాయన మర్యాదస్తుడు.

"రండి, కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదండి. మిషన్లు చూపించండి."

ఆయన బల్ల మీద వరసగా పెట్టి చెప్పుకుంటూ పోయాడు. "ఇవి విడివిడివండి. దారికొకటి, లోతుకొకటి. ఇది రెండూ కలిసింది. తెర సగం దారి చూపిస్తది, సగం లోతూ చేపా చూపిస్తది. కావాలంటే మీట నొక్కి ఏదో ఒకటే పెద్దది చేసుకోవచ్చు."

"కలిసినదాంట్లో ఒకటి చెడిపోతే?"

"రెండూ ఆగుతాయండి. రిపేరుకు మొత్తం పెట్టె తీసుకురావాల్సిందే. అబద్ధమెందుకు చెప్పాలి?"

బావగారు నావైపు తిరిగి, ఆయన ఎదురుగానే, "మనిషి మంచోడు" అన్నారు. తర్వాత షాపులో అటూ ఇటూ రెండుసార్లు నడిచారు. "కలిసిందే కావాలి. మొగలో ఉన్నోడు రెండు పెట్టెలు చూడలేడు. ఒకవైపే చూడాలి."

"రంగులదా, మామూలుదా? రంగులదైతే అందంగా ఉంటది. కానీ మామూలుదాంట్లో అంకెలు పెద్దవి, ఎండలో కూడా బాగా కనపడతాయి."

"అది సరేనండి. అరుస్తదా?"

"ఏంటండీ?"

"లోతు తగ్గితే అరుస్తదా అని."

"అరుస్తదండి, అన్నీ అరుస్తాయి. ఎన్ని అడుగులకు అరవాలో మనమే పెట్టుకోవచ్చు."

"ఎంత గట్టిగా? మా ఇంజను మోత మీద వినపడాలి."

షాపాయన ఒక్కొక్కదాన్నీ అరిపించాడు. బావగారు పుచ్చకాయ కొనేవాడిలా వంగి, ఒక్కొక్కదానికీ చెవి ఆనించి విన్నారు. రంగుల తెరను ముట్టుకోనైనా లేదు. మామూలు తెరది, కీ, కీ అని చెవిలో పొడిచినట్టు అరిచేది ఒకటుంది. దాని దగ్గర ఆగారు. షాపాయన మీట నొక్కగానే దాని తెర మీద చేపలు వరసగా ఈదుకుంటూ వచ్చాయి. 

"చేపలండీ బావగారూ! గుంపు గుంపు!"

ఆయన తెర మీదికి వంగారు. "ఊఁ. చందువాలు" అన్నారు.

షాపాయన నవ్వాడు. "నిజం చేపలు కావండీ. నీళ్ళు లేకపోయినా ఎట్టా పని చేస్తదో చూపించడానికి కంపెనీవాళ్ళు పెట్టిన ఆట అది." మిషను ఆపేసి, దాని తీగలు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

బావగారు ఇంకా వంగే ఉన్నారు. "ఇప్పుడొచ్చింది ఇంకా పెద్ద గుంపు. చూడు" అన్నారు.

తెర మీద ఏమీ లేదు. ఆరిపోయిన తెరలో ఆయన ముఖం మాత్రం కనపడుతోంది.

అట్లా చూడటం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు పెళ్ళి శుభలేఖను తలకిందులుగా పట్టుకుని, కళ్ళు అటూ ఇటూ తిప్పి, "ముహూర్తం బాగుంది" అన్నదాన్ని నేను. అక్షరం రానివాళ్ళు చదువుతున్నట్టు ఎలా నిలబడతారో, కనపడనివాళ్ళూ అలాగే నిలబడతారు. ఆ నిలబడటంలో ఒక తొందర ఉంటుంది, ఎవరన్నా అడిగేలోపు తానే మాట్లాడేయాలని. మొగలో బోటు రెండుసార్లు ఇసకకు రాసుకున్నది గుర్తొచ్చింది. ఆ బోటులో మా ఆయన ఉంటాడు. ఇంకో నలుగురు ఇళ్ళున్నవాళ్ళు ఉంటారు. నేను కుర్చీలో కూర్చోబోయి మళ్ళీ లేచాను.

షాపాయన రాగానే బావగారు, "నీళ్ళలో చూడకుండా తీసుకోనండి" అన్నారు.

"మంచిదే. నేనూ అదే చెప్పబోతున్నా" అని ఆయన మిషను సర్దుకున్నాడు. ఆటోలో కృష్ణ ఒడ్డుకు వెళ్ళాం. బ్యారేజీకి పైన నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఏరు దాటించే పడవ ఒకటి మాట్లాడుకున్నాం. నేను ఒడ్డునే నిలబడిపోయాను. మా వైపు ఆడవాళ్ళు వేటబోటు ఎక్కరు. కొత్త బోటుకు పసుపూ కుంకుమా పెట్టేది మేమే, కానీ దాని మీద కాలు పెట్టం.

"ఎక్కమ్మా, ఇది వేటబోటు కాదుగా. నువ్వెక్కకపోతే చదివేదెవరు?" అన్నారు బావగారు.

మిషను నా ఒళ్ళో పెట్టారు, బ్యాటరీ నా కాళ్ళ దగ్గర. తీగ చివర ఉండే నల్లటి ముక్కను నీళ్ళలో ముంచి, బావగారు నా పక్కన వంగి పట్టుకున్నారు. షాపాయనకు పడవంటే భయం కాబోలు, ఆ చివరన రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పడవ కదిలింది. తెర మీద అంకె మారుతుంటే నేను చదువుతున్నాను. ఆరు అడుగులకు అరిచేట్టు షాపాయన ముందే పెట్టి ఇచ్చాడు. ఇసకదిబ్బ దగ్గరికి పోగానే ఒక్కసారిగా కీ, కీ, కీ అని అరిచింది. పడవ నడిపేవాడు గెడ వదిలేసినంత పని చేశాడు.

"ఏందండీ బాబూ అది!"

"నీ కింద ఇసకుందని చెబుతంది. మళ్ళీ వెనక్కి పోనీ. మళ్ళీ రా" అన్నారు బావగారు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. వెనక్కి పోవడం, మళ్ళీ రావడం. అది అరవడం, ఆయన కాలు పడవ చెక్కను టకటకమని తట్టడం.

మళ్ళీ లోతులోకి పోతున్నప్పుడు నేను గొంతు తగ్గించి అడిగాను. "బావగారూ, ఇప్పుడు తెర మీద ఎంతుందో చెప్పండి."

"నువ్వే చెప్పు. చదువుకున్నదానివి."

"అక్షరం రాని రోజుల్లో నేనూ ఇట్టాగే అనేదాన్నండి. మీరే చదవండి అని."

కాలు ఆగిపోయింది. ఆయన కాలు ఆగడం నేను చూసింది అప్పుడే. నీళ్ళలో ఉన్న చెయ్యి కూడా కదల్లేదు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఇందాక షాపులో. ఆయన మిషను ఆపేసి లోపలికి పోయాక కూడా మీరు చేపల్ని చూశారు."

"ఆపేశాడా?" చిన్నగా నవ్వారు. "అయితే ఆ పెద్ద గుంపు నాదేనన్నమాట."

నాకు నవ్వు రాలేదు. "ఆ బోటులో నా మనిషి ఉన్నాడండి."

"నా తమ్ముడు కూడా ఉన్నాడు. నీ మనిషి కాకముందునుంచీ ఉన్నాడు."

"డాక్టరుకు చూపిద్దాం. పొర తీసేస్తారంట కదా."

"చూపించుకున్నా. ఈ ఊళ్ళోనే. వల తాళ్ళకని మీ అక్కతో చెప్పి వచ్చా. పొర కాదంట, నరమంట. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోమని చుక్కల మందు ఇచ్చాడు."

"మరి?"

"సామాను బిగించనీ. బోటు నీళ్ళలో దిగేలోపు నా నోటితో నేనే చెబుతా." ఆగి అన్నారు: "నేను చెప్పకపోతే నువ్వు చెప్పెయ్యి. అడ్డం రాను."

ఆ చివరనుంచి షాపాయన కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఏమండీ, లోతు సరిగ్గా చూపిస్తందా?"

"బ్రహ్మాండంగా చూపిస్తందండీ. ఇదే కట్టండి" అన్నారు బావగారు. కాలు మళ్ళీ మొదలైంది.

ఊరికి వచ్చాక నాకు కుదురు పోయింది. బోటు ఒడ్డునే ఉంది, ఎవరికీ ఏమీ కాదు, అయినా నిలవలేకపోయేదాన్ని. పొయ్యి మీద కూర పెట్టి వాకిట్లోకి వచ్చేదాన్ని. ఆయన ఎక్కడున్నారో చూసేదాన్ని. తారు పూసేవాళ్ళ చుట్టూ తిరుగుతూ కనపడేవారు. నన్ను చూస్తే ఇంకోవైపు నడిచేవారు. పంతులమ్మా అని పిలవడం మానేశారు. సాయంత్రం మిషనుకు బ్యాటరీ తగిలించి వాకిట్లో పెట్టించేవారు. నేను పుస్తకం చూసి ఏ మీట దేనికో చెప్పాలి. మా ఆయనను కూడా పక్కన కూర్చోబెట్టేవారు.

"నాకెందుకన్నయ్యా ఇది? నా ఇంజను నాకు చాలు."

"నేర్చుకోరా. నాకు జొరమొస్తే?"

"నీకు జొరమా? జొరం రావాలన్నా నువ్వు ఒకచోట దొరకాలిగా."

అందరూ నవ్వేవారు. బావగారు కూడా. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని నేను చూసేదాన్ని. ఆయన లేచి గాలి చూడటానికి పోయేవారు.

"మీ ఇద్దరికీ ఏమైందే?" అంది అక్క ఒకరోజు. "ఆయన తిరుగుళ్ళు నీకూ పట్టుకున్నాయి."

నిషేధం అయిపోవచ్చింది. మర్నాడు బోటు నీళ్ళలోకి దిగుతుందనగా, మిషనుకు చెక్క పీఠం బిగించడానికి వడ్రంగి వచ్చాడు. క్యాబిన్ తలుపులు తీసే ఉన్నాయి. బావగారు, మా ఆయన, వడ్రంగి లోపల ఉన్నారు. మిగతావాళ్ళు పైన తాళ్ళు సర్దుతున్నారు. నేను కింద ఇసకలో నిలబడి ఉన్నాను. ఈ పూట ఆయన చెప్పకపోతే, నేను ఇక్కడినుంచే అరిచి చెప్పాలని నిశ్చయించుకుని వచ్చాను.

వడ్రంగి పీఠాన్ని స్టీరింగు ముందు, బావగారి కళ్ళ ఎత్తున ఆనించి, "ఇక్కడేగా?" అన్నాడు.

"కిందికి."

"ఇంతా?"

"ఇంకా కిందికి."

"ఏమండీ, మీ గుండెలకొచ్చింది! వంగి చూస్తారా ఏంటి?"

"నా గుండెలకొస్తే వాడి కళ్ళకొస్తది. అక్కడ బిగించు."

మా ఆయన పొట్టి. తాళ్ళు సర్దేవాళ్ళ చేతులు ఆగాయి. "నా కళ్ళకెందుకన్నయ్యా?" అన్నాడు మా ఆయన.

"రేపటినుంచి స్టీరింగు నీది."

"నువ్వుండగా నేనేంటి?"

"నేనుండగానే పట్టాలి. లేనప్పుడు నీకు నేర్పేదెవడు?" బావగారు అటు తిరిగి, పైనున్నవాళ్ళకు కూడా వినపడేట్టు, గాలి మారిందని చెప్పినంత మామూలుగా అన్నారు. "నాకు కళ్ళు కనపడటం లేదురా. ఏడాదినుంచి తగ్గుతూ వచ్చాయి."

మా ఆయన తల పట్టుకున్నాడు. ఏడుపో కోపమో తెలియని గొంతుతో, "అందుకేనా రెండుసార్లు ఇసక మీదికి ఎక్కించావు?" అన్నాడు.

"అందుకే. మూడోసారి ఎక్కకూడదనే ఈ గోలంతా."

వడ్రంగి పీఠాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. బావగారు తలుపు దగ్గరికి వచ్చి, నేనున్న వైపుకు వంగారు. నా ముఖం ఆయనకు తెలిసి ఉండదు, చీర రంగు తెలిసి ఉంటుంది.

"పంతులమ్మా! కిందనుంచి చెప్పేదేమన్నా ఉందా?"

పీఠం ఎత్తును మా ఆయన కళ్ళతో పోల్చి చూశాను. "ఇంకో రెండు వేళ్ళు దించమనండి బావగారూ. ఆయనకు మెడ ఎత్తే పని ఉండకూడదు."

"విన్నావుగా, దించు" అన్నారు వడ్రంగితో. ఆయన కాలు బోటు చెక్కను తట్టడం ఇసకలో నిలబడ్డ నాకు వినపడింది.

ఆ తర్వాత కూడా ఆయన ఇంట్లో కూర్చోలేదు. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ బోటుతో పోయారు. ప్రాణం పోయింది మాత్రం ఇంట్లోనే, మంచం మీద. ఆయన మంచాన పడ్డాక, మా ఆయన ఒడ్డుకు రాగానే ముందు అన్న దగ్గరికి వెళ్ళేవాడు. "ఇవాళ మొగలో లోతెంతుందిరా?" అని అడిగేవారు. దుప్పటి కింద కుడికాలు కదులుతూనే ఉండేది.

నాకు గుర్తుండేది ఆ మంచం కాదు. నిషేధం అయిన మర్నాడు బోటు మొదటిసారి మొగ దాటిన ఉదయం. ఆడవాళ్ళమంతా ఒడ్డున నిలబడ్డాం. లోపల స్టీరింగు ముందు మా ఆయన కనపడటం లేదు. బోటు ముందు కొసన, మిషనుకు వీపు పెట్టి, బావగారు నిలబడి ఉన్నారు. అది ఎంత గట్టిగా అరిచినా, అల మోతలో ఒడ్డునున్న మాకు వినపడదు. అది ఆయనకు తెలుసు. అరుపు వినగానే మాకు తెలిసేట్టు కుడి చెయ్యి పైకెత్తారు. బోటు ముక్కు పక్కకు తిరిగింది. చెయ్యి దిగలేదు. ఇంకా తిరిగింది. అప్పుడు చెయ్యి దిగింది. పక్కనున్న అక్క నా చెయ్యి వదిలి ఊపిరి తీసుకుంది. ఆ రోజునుంచి ఆయన బోటులో పోయినన్నాళ్ళూ మొగ దాటే ప్రతిసారీ ఒడ్డునున్న మేము చూసింది ఆ చేతినే.

బస్టాండులో కండక్టరు అడిగినదానికి నేను జవాబు చెప్పలేకపోయాను. అరుపు ఆగేదాకా ఆ చెయ్యి దించకూడదు.